అరవడం మానేసిన మేకలు

మా పుట్టింటి ఊళ్ళో ఒక పెద్దమ్మ ఉంది. సీతాఫలాల కాలంలో కొండకు పోయి కాయలు కోసుకుని, గంపకెత్తుకుని మార్కాపురం బస్సెక్కుతుంది. బజార్లో గంప దించే ముందు నేను పనిచేసే అంగన్‌వాడీకి వచ్చి, పిల్లలకని నాలుగు పండ్లు ఇచ్చి పోవడం ఆమెకు అలవాటు. ఆ రోజు పండ్లు ఇచ్చినాక కూడా పోలేదు. గడప మీద కూర్చుని కొంగుతో మొగం తుడుచుకుంది.

"మీ అన్న మేకలు అమ్మేసినాడా అమ్మా?" అని అడిగింది.

"లేదే. అమ్మితే నాకు చెప్పడా?"

"మరి కొట్టంలో చప్పుడు లేదు. కట్టెలకు నేను ఆ పక్కనించే పోతా గదా. మొదట్లో అరిచేవి. పొద్దస్తమానం అరిచేవి. ఇప్పుడు అరవడంలా. అమ్మేసినాడేమో అనుకొని తడికె సందులోంచి చూసినా. ఉన్నాయి. ఉండి కూడా అరవడంలా."

ఆమె లేచింది. గంప నెత్తిన పెట్టుకుని పోయింది. ఆ రోజు పిల్లల బరువులు తూచే రోజు. తూకం మీద నిలబెట్టిన ప్రతి బిడ్డనూ చూస్తూ నేను ఆ మాటే ఆలోచిస్తున్నాను.

మా ఊరు త్రిపురాంతకం పక్క. నాయన పోయినాక ఆయన మంద అన్న చేతికి వచ్చింది. నేను హాస్టల్లో ఉండి ఇంటర్ చదివినన్నాళ్ళూ అన్న ఎండకూ వానకూ ఆ మేకల వెంట తిరిగినాడు. నేను టీచరమ్మను అయింది ఆ మంద మీదే. మేకను చూసి అది రేపు ఈనుతుందో ఎల్లుండి ఈనుతుందో చెప్పే మనిషి. పిల్లను ఈని తల్లి చస్తే ఆ పిల్లను చొక్కాలో పెట్టుకుని తిరిగే మనిషి. అలాంటోడి కొట్టంలో మేకలు అరవకపోవడం ఏంది అనుకున్నాను.

మా ఆయన ట్రాలీ ఆటోలో రాతి పలకలు తోలుతాడు. సాయంత్రం ఇంటికి వచ్చినాక విషయం చెప్తే, చొక్కా కూడా మార్చుకోకుండా, "ఎక్కు, పోదాం" అన్నాడు.

దారి పొడుగునా పచ్చగా ఉంది. ఆ ఏడు వానలు బాగానే పడినాయి. రోడ్డు పక్క రేగుకంప కూడా నిగనిగలాడుతోంది. కొండ కింద అయితే మేక మునిగేంత ఎత్తున గడ్డి. ఇంత మేత పెట్టుకుని మేకలకు ఏమవుతుంది, ఏదో రోగం వచ్చి ఉంటుంది అని మా ఆయనతో అన్నాను. రోగమే అయి ఉండాలని కోరుకున్నాను గూడా.

కొట్టం ఊరవతల, కొండ మొదట్లో ఉంటుంది. తడికె తీయగానే వాసన మొగానికి కొట్టింది. లోపల చీకటికి కళ్ళు అలవాటు పడినాక కనిపించినాయి. ఇరవైకి పైన ఉండాల్సిన మందలో ఏడు మిగిలినాయి. మూడు నిలబడి ఉన్నాయి, నాలుగు పడుకుని ఉన్నాయి. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. నడుము దగ్గర ఎముకలు తోలును పొడుచుకుని పైకి లేచినాయి. ఒకదానికి దవడ కింద నీళ్ళ సంచిలాగ వాచి వేలాడుతోంది. గిట్టలు పెరిగి వంకర తిరిగినాయి.

కొట్టం కప్పిన బోదగడ్డి, మేక వెనక కాళ్ళ మీద లేస్తే ఎంత ఎత్తుకు అందుతుందో అంత ఎత్తు వరకూ లేదు. తినేసినాయి. గుంజలకు బెరడు లేదు. గోనెసంచులు కొరికి పీచు చేసినాయి. మూలన తొట్లో మాత్రం నీళ్ళు ఉన్నాయి. నీళ్ళు నిండుగా ఉన్నాయి.

నన్ను చూసి ఒక మేక నోరు తెరిచింది. గొంతు రాలేదు.

అన్న ఇంట్లో నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. వదిన అప్పటికి చానా రోజులుగా గిద్దలూరులో ఉంది, కూతురి కాన్పుకు పోయి. ఇంట్లో పొయ్యి వెలిగించినట్టు లేదు. గడ్డం పెరిగి ఉంది. తాగినాడేమో అని దగ్గరికి పోయి చూసినాను. తాగలేదు. అన్నకు తాగుడు లేదు.

"మేకలకు ఏమైందిన్నా?"

మంచం మీద గోడ వైపు తిరిగినాడు.

"ఎందుకు తోలలేదు మేతకు? కాలు నొప్పా? జొరమా? ఒక్క ఫోన్ చేస్తే మేం రామా?"

"రేపు తోలతాలే" అన్నాడు అటు తిరిగే.

ఆ మాటతో నాకు ఒళ్ళు మండింది. ఏమన్నానో అన్నీ గుర్తు లేవు. నాయన ఉంటే నిన్ను ఇదే కొట్టంలో కట్టేసేవాడు అన్నట్టు గుర్తు. మనిషివేనా అన్నట్టు గుర్తు. వాకిట్లో జనం పోగైనారు. అందరికీ వినపడేటట్టే అరిచినాను. ఎందుకంటే ఇందులో నా తప్పు లేదని వాళ్ళకు తెలియాలి. మా ఆయనా, ఇంకో ఇద్దరూ కలిసి మేకల్ని ఎత్తి ట్రాలీలో పెడుతుంటే ఒక కుర్రోడు సెల్లు పైకి పట్టుకుని వీడియో తీస్తున్నాడు. నేను కొంగు మొగానికి అడ్డం పెట్టుకున్నాను. అన్న బయటికి రాలేదు.

మరుసటి రోజు పొద్దున్నే పశువుల ఆసుపత్రికి తీసుకుపోయినాం. డాక్టరమ్మ చిన్న వయసు. మేక కంటి రెప్ప కిందికి లాగి చూసింది, తెల్లగా ఉంది. వరసగా అన్నిటికీ చూసింది. అన్నీ తెల్లగానే ఉన్నాయి.

"ఎవరివి ఇవి?"

మా అన్నవి అని చెప్పొచ్చు. మా ఆయన నా మొగం చూసినాడు. "మావే" అన్నాను.

"ఏం చేస్తారు మీరు?"

"అంగన్‌వాడీ టీచర్ని."

ఆమె చేతిలో సూది పక్కన పెట్టింది. ఆవుల్ని, బర్రెల్ని తెచ్చిన వాళ్ళు చుట్టూ నిలబడి ఉన్నారు. "పిల్లలకు ఏం పెట్టాలో ఊరందరికీ చెప్తారు కదమ్మా మీరు. ఇవి ఇట్ల కావాలంటే ఒక రోజులో కావు. రోజూ చూస్తూ చూస్తూ ఉంటేనే అవుతాయి" అంది. గట్టిగా కూడా అనలేదు. నేను తల వంచుకుని నిలబడినాను. నావి కావు, నాకు నిన్నటిదాకా తెలియదు అని గొంతు దాకా వచ్చింది. చెప్తే ఎవరివి అని అడుగుతారు.

ఆమె చెప్పినవి మాత్రం ఒక్కటి పోకుండా విన్నాను. ఆకలితో ఉన్నాయని జాలిపడి గింజలు, అన్నం పెట్టొద్దు. పెడితే కడుపు ఉబ్బి చస్తాయి. కడుపు పని మరిచిపోయి ఉంది, దానికి మళ్ళీ నేర్పాలి. మొదట ఎండు మేత, ఆకు, కొంచెం కొంచెం. బెల్లం, ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళు. కడుపులో పురుగులకు నట్టల మందు కాస్త తేరుకున్నాక. వాపు ఉన్న మేక చూలుతో ఉందనీ, అది నిలవడం కష్టమనీ చెప్పింది.

మా ఇల్లు మార్కాపురంలో ఊరి చివర వీధిలో. ఇంటి వెనక ఖాళీ జాగా ఉంది, చుట్టూ కంప. అక్కడ పట్ట కప్పి, కింద ఎండు వేరుశనగ తీగ పరిచి వాటిని దించినాం. పడుకున్నవి పడుకున్నట్టే ఉన్నాయి. గంటకోసారి పోయి పక్క మార్చేదాన్ని. ఒకే పక్క పడుకుంటే పుండ్లు పడతాయి. నీళ్ళు తాగనిదానికి పిల్లల పాలసీసాతో పట్టేదాన్ని. దవడ పక్కన వేలు పెట్టి నోరు తెరిపిస్తే, నాలుక నా వేలికి తగిలేది. చల్లగా ఉండేది నాలుక. బతికి ఉన్నదాని నాలుక అంత చల్లగా ఉంటుందని నాకు తెలియదు.

పొద్దున అంగన్‌వాడీ కేంద్రానికి పోయే ముందు, మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయినప్పుడు ఆయాను కాపలా పెట్టి ఒకసారి, సాయంత్రం వచ్చినాక ఇంకోసారి చూసేదాన్ని. మా ఆయన పలకల కిరాయికి పోయిన చోటల్లా ఆకు కోసుకొచ్చేవాడు. అవిశాకు, సుబాబులు, వేప. ట్రాలీ నిండా పలకల మధ్య ఆకు కట్టలు. పలకల దుమ్ము పడిన ఆకును కడిగి ఆరబెట్టి వేసేవాళ్ళం. మేకలు ఆకు దగ్గరికి వచ్చి, నోట్లో పెట్టుకుని, నమలడం మరిచిపోయినట్టు అట్లే నిలబడేవి.

వీధిలో మాటలు మొదలైనాయి. మా పక్కిల్లు గాజుల దుకాణం నడిపే ఒక ఆపాది. భర్త పోయినాక పిల్లల్ని తనే పెంచి పెద్ద చేసింది. నాకు జొరమొస్తే కషాయం పంపే మనిషి. ఒక రోజు గోడ మీదినించి తొంగి చూసింది.

"ఏంది టీచరమ్మా ఇది" అంది. "మేమూ బక్రీదుకు మేకను తెచ్చుకుంటాం. కోసే మేకకైనా ఒక పూట తక్కువ పెట్టం. నోరు లేని జీవాలు."

"ఇప్పుడే తెచ్చినాం ఆపా. ఎవరో వదిలేసినవి."

"ఎవరు?"

"తెలియదు."

ఒకసారి ఆ మాట నోట్లోంచి వచ్చినాక తర్వాత సులువైపోయింది. కేంద్రానికి వచ్చే తల్లులు అడిగితే ఎవరో వదిలేసినవన్నాను. పాల అంగడాయన అడిగితే అదే అన్నాను. అంతవరకూ మమ్మల్ని వింతగా చూసినవాళ్ళు మంచిదానివమ్మా అని మెచ్చుకోవడం మొదలుపెట్టినారు. ఒకామె కందిపొట్టు తెచ్చి ఇచ్చింది. ఒకాయన తుమ్మకాయలు గోనెసంచిలో వేసి పంపినాడు. ఆ పొట్టూ ఆ కాయలూ తీసుకుంటూ నేను మొగమాటంగా నవ్వేదాన్ని.

ఆదివారం ప్రార్థన అయినాక పాస్టరమ్మ నా చెయ్యి పట్టుకుని నిలబెట్టింది. "ఎవరో పాపాత్ముడు ఆకలికి మాడ్చి వదిలేసిన మేకల్ని మన టీచరమ్మ సాకుతోంది" అని అందరికీ చెప్పింది. "ఆ మనిషి ఎవరో మనకు తెలియదు. వాని మనసు మారాలని ప్రార్థన చేద్దాం" అంది. అందరూ తలలు వంచినారు. ఆమె పేరు తెలియని ఆ మనిషి కోసం ప్రార్థన చేసింది, రాతి గుండె అనింది, జాలి లేని చేతులు అనింది. నా పక్కన మా ఆయన నిలబడి ఉన్నాడు. అందరితో పాటు నేనూ ఆమెన్ అన్నాను. ఆయన అనలేదు.

రోజులు గడిచేకొద్దీ లేవలేనివి లేచినాయి. ముందుగా తెలిసింది పెంటికలతో. నీళ్ళలాగ పారుకున్నది మెల్లగా ముద్దయి, తర్వాత గుండ్రంగా, నల్లగా, గట్టిగా పడసాగింది. చీపురు పట్టుకుని అవి ఊడుస్తూ నేను సంతోషపడినాను. తర్వాత ఒక సాయంత్రం ఒక మేక పడుకుని కళ్ళు సగం మూసి నెమరు వేయడం చూసినాను. మా ఆయన్ను పిలిచి చూపించినాను. ఇద్దరం చప్పుడు చేయకుండా నిలబడి చూసినాం.

అట్ల తేరుకుంటున్నప్పుడే ఒక మేక చచ్చిపోయింది. చూలుతో ఉన్నది కాదు. అన్నిటికన్నా ముందు లేచి నిలబడింది, నా కొంగు నమిలేది. పొద్దున్నే పోయి చూస్తే ఎడమ డొక్క డోలులాగ ఉబ్బి, కాళ్ళు బిగదీసుకుని పడి ఉంది. మూతి చుట్టూ పసుపు పచ్చని అన్నం మెతుకులు. కంప దగ్గర కూడా కొన్ని మెతుకులు పడి ఉన్నాయి. ముందు రోజు ఆపా వాళ్ళింట్లో విందు జరిగింది.

నేను గోడ దగ్గరికి పోయి పిలిచినాను. ఆపా వచ్చింది. నేను అడగకముందే మేకను చూసింది, మెతుకుల్ని చూసింది.

"నేనే పెట్టినా" అంది. "బిర్యానీ మిగిలింది. అది కంపలోంచి మూతి పెట్టి అడిగింది. నీవు ఉత్త ఆకే వేస్తున్నావు, పాపం దానికి కడుపు నిండటంలా అనుకున్నా. ఇంతే అమ్మా, ఇంత గిన్నెడు."

అన్నం పెట్టొద్దని ఆమెకు నేను చెప్పి ఉండాలి. వీధిలో అందరికీ ఎవరో వదిలేసినవని చెప్పుకుంటూ తిరిగినాను గాని, ఇది పెట్టొద్దు అని ఒక్కరికీ చెప్పలేదు. ఆపా గోడ వదిలి, చుట్టూ తిరిగి మా ఇంట్లోకి వచ్చింది. మేక పక్కన కూర్చుని దాని చెవి నిమిరింది. చానాసేపు ఏడ్చింది. ఆ రోజు దుకాణం తీయలేదు.

మా ఆయన గుంత తవ్వి పూడ్చినాడు. ఆపా తన చేత్తో మట్టి వేసింది. ఆ తర్వాత రోజూ నేను కేంద్రంలో ఉన్నప్పుడు ఆమే వచ్చి వాటికి ఆకు వేసేది. వేసే ముందు నాకు ఫోన్ చేసి, "ఎంత వెయ్యాలి, ఒక కట్టా, సగమా?" అని అడిగేది. అడిగిన ప్రతిసారీ ఆమె గొంతు తగ్గి ఉండేది. ఆ గొంతు వినడం నాకు కష్టంగా ఉండేది. అట్ల అడగాల్సిన మనిషి కాదు ఆమె.

అన్న వచ్చినాడు ఒక రోజు. ఫోన్ చేయలేదు. నేను వెనక జాగాలో చూలు మేకకు బెల్లం నీళ్ళు పడుతున్నాను. గేటు చప్పుడైంది. చూస్తే అన్న, గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, చేతిలో రేగాకు మోపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు.

"రా అన్నా" అన్నాను.

"ఇక్కణ్ణించి చూసి పోతా పాపా."

అంతే అన్నాడు. ఆ మాట చాలు, మేకలు చెవులు నిక్కించినాయి. పడుకున్నవి లేచినాయి. ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ, ఇన్ని రోజుల్లో నేను ఎప్పుడూ వినని గొంతులతో అరుస్తూ గేటు దగ్గరికి పోయినాయి. నా చేతిలో సీసా నోట్లో పెట్టుకున్నది కూడా విదిలించుకుని పోయింది. అన్న గేటు కమ్మీలోంచి చెయ్యి లోపలికి పెట్టినాడు. అవి ఆ చేతిని నాకినాయి. వాటిని మాడ్చిన చెయ్యే అది. అన్న తల పక్కకు తిప్పుకున్నాడు. నాకు కూడా అక్కడ ఉండబుద్ధి కాలేదు. టీ పెడతానని లోపలికి పోయినాను.

టీ తెచ్చేసరికి లోపలికి వచ్చి మేకల మధ్య నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒక్కొక్క గిట్టనూ ఒళ్ళో పెట్టుకుని చాకుతో పెరిగిన కొస చెక్కుతున్నాడు. నేను భయపడి ముట్టుకోని పని అది. మేకలు కదలకుండా కూర్చున్నాయి. అప్పుడే వీధిలో ప్రార్థన కూటం ముగించుకుని పోతున్న పాస్టరమ్మ, మేకల్ని చూసిపోదామని లోపలికి వచ్చింది.

"ఇవేనా? భలే తేరుకున్నాయే" అంది. "ఈయన ఎవరమ్మా?"

"మా అన్న."

"మంచిది. సాయానికి వచ్చినావా అయ్యా? మీ చెల్లెలు ఎంత కష్టపడిందో. వీటిని మాడ్చినోడెవడో గాని, వాని కోసం కూడా మేం సంఘమంతా ప్రార్థన చేసినాం. మీ చెల్లెలు కూడా చేసింది. ఎవడో తెలియకపోయినా చేసింది చూడు."

అన్న గిట్ట చెక్కడం ఆపినాడు. నా వైపు చూసినాడు. కోపంగా చూసి ఉంటే నాకు బాగుండేది. అడిగినట్టు కూడా చూడలేదు. మేక కాలు మెల్లగా కింద పెట్టి, చాకు మడిచి జేబులో పెట్టుకుని, లేచి నిలబడినాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నేనేనమ్మా" అన్నాడు. "ఇవి నా మేకలు. నేనే మాడ్చినాను."

పాస్టరమ్మ నన్ను చూసింది. నేను మేకను చూసినాను. ఆమె "కాసిన్ని మంచినీళ్ళియ్యమ్మా" అంది. నీళ్ళు తెచ్చి ఇస్తే రెండు గుటకలు తాగి గ్లాసు చేతికి ఇచ్చి పోయింది.

అన్న మళ్ళీ కూర్చున్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. ఏదో ఒకటి చెప్పాలి. "అడిగిన వాళ్ళకు ఏం చెప్పాలో తెలియలేదు అన్నా" అన్నాను.

"పర్వాలేదులే పాపా. నీ ఊరు ఇది. నలుగురిలో తిరిగేదానివి. నేనైనా అట్లే చెప్పేవాణ్ణి" అన్నాడు. నన్ను నొప్పించాలని అనలేదు. నిజంగానే అన్నాడు.

తర్వాత తనంతట తనే చెప్పినాడు, మేక కాలు చెక్కుతూ, తల ఎత్తకుండా.

వదిన గిద్దలూరు పోయిన కొత్తలో ఒక మధ్యాహ్నం అన్న చెట్టు కింద కునుకు తీసినాడు. మేకలు కంప దాటి ఒకరి బత్తాయి తోటలో పడినాయి. లేత మొక్కలు చానా పోయినాయి. తోట ఆయన మా ఊరి మనిషే, వయసులో అన్న కొడుకంత ఉంటాడు. వచ్చి చెంప మీద కొట్టినాడు.

"కొట్టినా పర్వాలా. మొక్కలు పోయినాయి, మనిషికి కడుపు మంట ఉంటుంది. చెవులు పట్టుకొని రోడ్డు మీద నిలబడమన్నాడు. అప్పుడే బడి వదిలినారు. పిల్లోళ్ళందరూ చూసి నవ్వినారు. ఒకడు సెల్లులో పట్టుకున్నాడు."

"నాకు చెప్పొచ్చు గదా అన్నా."

"ఏమని చెప్పేది?"

నేను చల్లారిన టీ గ్లాసు ఆయన పక్కకు జరిపినాను.

"మేకల్ని కొండకు తోలాలంటే మళ్ళీ ఆ తోట పక్కనించే, ఆ బడి ముందర్నించే పోవాలి. మర్నాడు పోదాం అనుకున్నా. పిల్లోళ్ళు చెవులు పట్టుకొని చూపించి నవ్వినారు. ఎనక్కు తిరిగి వచ్చినా. రేపు పోదాంలే అనుకున్నా. చీకటి పడినాక ఇంత రెమ్మ విరిచి వేసేవాణ్ణి, నీళ్ళు మోసేవాణ్ణి. ఆ రెమ్మ వాటికి ఏం సరిపోతుంది. ఒకటి చచ్చిపోయింది. ఇంక అప్పణ్ణించి కొట్టంలోకి పోవాలంటేనే మొగం చెల్లలా. నన్ను చూసి అరిచేవి పాపా. తొట్లో నీళ్ళు పోసి ఉరికొచ్చేవాణ్ణి, వాటి కళ్ళు చూడకుండా. తర్వాత ఒక్కొక్కటే పోయినాయి. మిగిలినవి అరవడం మానుకున్నాయి. అప్పుడు కొంచెం తెరిపిగా అనిపించింది. అట్ల అనిపించినందుకే నేను చచ్చిపోవాల."

నేను వాకిట్లో నిలబడి అరిచిన రోజు నాకు గుర్తొచ్చింది. అప్పుడు కూడా ఒక కుర్రోడు సెల్లు పట్టుకుని ఉన్నాడు. నేను కొంగు అడ్డం పెట్టుకుని ట్రాలీ ఎక్కి వచ్చేసినాను. అన్న ఆ ఊళ్ళోనే ఉన్నాడు.

ఆ సాయంత్రం గోడ దగ్గర ఆపాకు నిజం చెప్పినాను. ఆమె విని, "నాకు అప్పుడే తెలుసు టీచరమ్మా, ఇందాక ఆయన గేటు కాడ నిలబడితే మేకలు చూసిన చూపు చూసినా" అంది. మరి నన్నెందుకు అడగలేదు ఆపా అంటే, "అడిగితే నీవు మళ్ళీ తెలియదు అనాలి గదా" అంది. సంఘంలో మాత్రం నేను చెప్పలేదు. పాస్టరమ్మ కూడా ఆ విషయం ఎత్తలేదు. ఇప్పటికీ నా చెయ్యి పట్టుకుని మాట్లాడుతుంది గాని, మేకల గురించి అడగదు.

వదిన గిద్దలూరు నుంచి వచ్చినాక మేకల్ని ఊరికి చేర్చినాం. అప్పటికి చూలు మేక ఈనింది. డాక్టరమ్మ నిలవదన్న మేక నిలిచింది, ఒక పిల్లను నిలబెట్టింది. ఇంటికి తీసుకుపోయేముందు అన్నిటినీ ఒకసారి చూపించుదామని ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరమ్మ కంటి రెప్పలు లాగి చూసి, "ఎర్రగా వచ్చినాయి, బాగా సాకినారమ్మా" అని మెచ్చుకుంది. పక్కన అన్న నిలబడి ఉన్నాడు. ఈసారి, "మా అన్నవి మేడమ్. మేకల గురించి ఆయనకే తెలుసు" అని చెప్పినాను. ఆమెకు ఏం అర్థమైందో నాకు తెలియదు. అన్న అయితే నన్ను ఆ మాట ఎందుకన్నావు అన్నట్టు చూసినాడు.

మా ఆయన ట్రాలీలో కొట్టం దాకా దించుతానన్నాడు. అన్న ఒప్పుకోలేదు. "ఊరి మొదట్లో దించు బావా. నేను నడిపించుకొని పోతా. ఎప్పుడైనా నడిపించాల్సిందే గదా" అన్నాడు. నేను నీతో వస్తాను అన్నాను.

మేకలు ముందు నడిచినాయి, పిల్ల తల్లి కాళ్ళ మధ్య తడబడుతూ. తోట దాటినాం. తోటలో ఎవరో మందు కొడుతున్నారు, తల ఎత్తి చూడలేదు. బడి కనిపించేసరికి అన్న ఆగినాడు. విరామం గంట కొట్టినట్టున్నారు, పిల్లోళ్ళంతా బయట ఉన్నారు.

"కాసేపు ఆగుదాం పాపా. మేకలు అలిసినాయి" అన్నాడు.

మేకలు అలసిపోలేదు. పక్కనున్న కంప మీద పడి ఆకు లాగుతున్నాయి. పద అన్నా, నేనున్నాను, ఎవరేమంటారో చూద్దాం అని చెప్పడానికే నేను ఆయనతో నడిచి వచ్చింది. తీరా అక్కడికి వచ్చేసరికి నా నోట్లోంచి ఆ మాట రాలేదు. ఆ పిల్లోళ్ళలో నన్ను టీచరమ్మా అని పిలిచేవాళ్ళ చుట్టాలు ఉంటారేమో అని కూడా ఒక పక్క ఆలోచించినాను. ఇద్దరం రోడ్డు పక్క రాళ్ళ మీద కూర్చున్నాం. మళ్ళీ గంట కొట్టినారు. పిల్లోళ్ళు లోపలికి పోయినారు. అప్పుడు లేచి, మేకల్ని అదిలించి, చప్పుడు చేయకుండా బడి ముందు నుంచి నడిచిపోయినాం.

కొట్టం శుభ్రంగా ఉంది. కొత్త బోద కప్పినాడు. వదిన పొయ్యి మీద ఎసరు పెట్టి నాకోసం చూస్తోంది. అన్నం తిని సాయంత్రం బస్సుకు వచ్చేసినాను. బస్సెక్కేటప్పుడు వదినను పక్కకు పిలిచి, మేకల్ని రోజూ తోలుతున్నాడా లేదా నాకు చెప్తూ ఉండు అన్నాను. మెల్లగానే అన్నాను. అన్న దూరంగా నిలబడి ఉన్నాడు, వినపడదనుకున్నాను.

ఆ ఆదివారం ప్రార్థన నుంచి ఇంటికి వచ్చేసరికి వాట్సాప్‌లో అన్న నుంచి ఫోటో వచ్చి ఉంది. అన్నకు ఫోటోలు పంపడం రాదు, ఎవరితోనో పంపించి ఉంటాడు. కొండ మీద మేకలు మేస్తున్నాయి. ఒక్కొక్కటీ విడిగా కనబడేటట్టు నిలబెట్టి తీసినట్టుంది. కింద ఒక్క మాట లేదు. తర్వాత ఆదివారం ఇంకో ఫోటో. ఆ తర్వాత ఇంకోటి. కేంద్రంలో నేను పిల్లలకు అన్నం వడ్డించేటప్పుడు పై అధికారులకు పంపడానికి తీస్తానే, అట్లాంటి ఫోటోలు.

బాగున్నాయి అన్నా అని పెడతాను. ఇంక పంపొద్దులే అన్నా, నాకు నీమీద నమ్మకం ఉంది అని పెట్టాలని ప్రతిసారీ అనుకుంటాను. ముందు ఫోటోను పెద్దది చేసి పక్కటెముకలు కనిపిస్తున్నాయేమో చూస్తాను. చూసినాక ఆ మాట పెట్టడానికి చెయ్యి రాదు.